మీరా నక్షత్రం, మద్రాసు అబ్జర్వేటరీ, జెస్సోర్ ట్రెజరీ: నోట్స్‌లో చేరని ఒక పేజీ

జీఎస్ పేపర్ 1లో ఆధునిక భారత చరిత్ర చదివేటప్పుడు "వలస పాలనలో విజ్ఞాన శాస్త్రం" అనే అంశాన్ని మనలో చాలామంది ఒక్క పేజీలో ముగించేస్తాం. 1767 సర్వే ఆఫ్ ఇండియా, 1784 ఏషియాటిక్ సొసైటీ, 1802లో మద్రాసు దగ్గర మొదలైన త్రికోణమితి సర్వే, 1876లో మహేంద్రలాల్ సర్కార్ స్థాపించిన సంస్థ, 1930లో రామన్‌కు నోబెల్. నా నోట్స్‌లోనూ అంతే ఉంది. ఇంజినీరింగ్ చదివి వచ్చినవాణ్ణి కాబట్టి ఈ అంశం నాకు తేలికనుకున్నాను. అది పొరపాటని ఒక నక్షత్రం గురించి చదువుతుంటే తెలిసింది. ఆ నక్షత్రం పేరు మీరా. ఈ వ్యాసంలో ముందు దాని సంగతి, తర్వాత దానితో మన చరిత్రకు ఉన్న సంబంధం చూద్దాం.

1. మీరా కథ

సీటస్ అనే నక్షత్ర మండలంలో మీరా ఉంది. 1596లో ఉత్తర జర్మనీకి చెందిన డేవిడ్ ఫాబ్రీషియస్ అనే మత బోధకుడు దాన్ని గమనించాడు. కొన్ని వారాలకు అది కనిపించకుండా పోయింది. కొత్తగా వెలిగి ఆరిపోయిన తార అనుకున్నాడు. 1609లో మళ్లీ కనిపించింది. 1638లో నెదర్లాండ్స్‌కు చెందిన హోల్వార్డా, అది దాదాపు పదకొండు నెలలకోసారి వెలిగి మసకబారుతోందని తేల్చాడు. 1662లో హెవీలియస్ దానికి "మీరా" అని పేరు పెట్టాడు. లాటిన్‌లో అద్భుతమైనది అని అర్థం. మన మీరాబాయితో దీనికి సంబంధం లేదు.

అప్పటిదాకా ఐరోపాలో ఆకాశం మారనిదనే నమ్మకం బలంగా ఉండేది. ఒక నక్షత్రం వెలుగు క్రమం తప్పకుండా పెరిగి తరుగుతుందంటే ఆ నమ్మకానికి దెబ్బే. కోపర్నికస్, గెలీలియోలతో పాటు ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోండి.

మీరా ఒక అరుణ మహాతార, అంటే రెడ్ జెయింట్. మన సూర్యుడు సుమారు 500 కోట్ల ఏళ్ల తర్వాత చేరుకునే దశ ఇలాంటిదే. సుమారు 332 రోజుల ఆవృత్తితో అది ఉబ్బుతూ, కుంచించుకుపోతూ ఉంటుంది. పైపొరలు చల్లబడినప్పుడు అక్కడ టైటానియం ఆక్సైడ్ అణువులు ఏర్పడి కంటికి కనిపించే వెలుగును అడ్డుకుంటాయి. అందుకే మనకు అంత తేడా తెలుస్తుంది. సాధారణంగా దాని ప్రకాశం మాగ్నిట్యూడ్ 3 దగ్గర నుంచి 9 దాకా పడిపోతుంది. ఒక్కో మాగ్నిట్యూడ్‌కు తేడా 2.512 రెట్లు. ఆరు మెట్లు దిగితే దాదాపు 250 రెట్లు తగ్గినట్టు.

మీరా ఒంటరి కాదు. దాని వర్ణపటంలో రెడ్ జెయింట్‌కు పొసగని గీతలున్నాయని, పక్కన వేడిగా ఉన్న మరో నక్షత్రం ఉండవచ్చని ఆల్ఫ్రెడ్ జాయ్ చెప్పాడు. 1923లో ఐట్‌కెన్ లిక్ అబ్జర్వేటరీ నుంచి ఆ తోడును కంటితో చూశాడు. పెద్ద తార బాగా వెలిగే రోజుల్లో ఆ కాంతిలో చిన్నది కలిసిపోతుంది. పెద్దది మసకబారినప్పుడు చిన్నదాన్ని చూడటం తేలిక.

2. మద్రాసు: ఫస్ట్ అసిస్టెంట్ రఘునాథాచారి

పైన చెప్పిన 2.512 లెక్క ఎవరిదో తెలుసా? 1856లో ఆ కొలమానాన్ని ప్రతిపాదించిన నార్మన్ పోగ్సన్ 1861లో మద్రాసు అబ్జర్వేటరీకి అధికారిగా వచ్చాడు. 1891లో చనిపోయేవరకూ అక్కడే ఉన్నాడు. ఆ అబ్జర్వేటరీ 1786లో విలియం పెట్రీ సొంత ఏర్పాటుగా మొదలై ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. 1792లో నుంగంబాక్కంలో భవనం కట్టారు. పరికరం నిలబెట్టిన గ్రానైట్ స్తంభం మీద తెలుగులో కూడా శాసనం చెక్కించారు. ఓడలకు, సర్వేకు కచ్చితమైన కాలం, రేఖాంశం కావాలి. కంపెనీ డబ్బు పెట్టింది ప్రధానంగా అందుకే.

అక్కడ ఫస్ట్ అసిస్టెంట్‌గా పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో ఒక చరకాంతి నక్షత్రాన్ని కనిపెట్టారు. దాని పేరు ఆర్ రెటిక్యులై. అది కూడా మీరా తరహా రెడ్ జెయింటే. ఆ తార ఖగోళ మధ్యరేఖకు 63 డిగ్రీల దక్షిణాన ఉంది. మద్రాసు అక్షాంశం 13 డిగ్రీల ఉత్తరం. లెక్క వేసి చూడండి: మద్రాసులో అది ఎంత పైకి లేచినా దిగంతం నుంచి సుమారు 14 డిగ్రీలే. లండన్ నుంచైతే అసలు కనపడదు. దిగంతానికి అంత దగ్గర్లో, మంచు, మబ్బు, దుమ్ము మధ్య ఒక మసక చుక్క వెలుగు మారుతోందని పట్టుకోవాలంటే ఆ ప్రాంతాన్ని ఎన్ని రాత్రులు చూసి ఉండాలి!

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. పోగ్సన్ మచిలీపట్నం వెళ్తే, రఘునాథాచారి మరో బృందాన్ని వనపర్తికి నడిపించారు. నేటి తెలంగాణలోని వనపర్తే. 1872లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలో అయ్యారు. 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటబోతున్నప్పుడు సామాన్యులకు అర్థమయ్యేలా దేశభాషల్లో పుస్తకం తెచ్చారు. 1880లో చనిపోయేనాటికీ ఆయన అసిస్టెంటే.

ఈ చివరి వాక్యం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మద్రాసు ఖగోళ పరిశోధన 1899లో కొడైకెనాల్‌కు మారింది. ఆ కొడైకెనాల్ అబ్జర్వేటరీకి తొలి భారతీయ డైరెక్టర్‌గా తెలుగువారైన ఎ.ఎల్. నారాయణ్ వచ్చింది 1937లో. రఘునాథాచారి పోయిన 57 ఏళ్లకు. పని చేసే చేతులు మనవి, కుర్చీ మనది కాదు అన్న మాటకు ఇంతకంటే చిన్న ఉదాహరణ నాకు దొరకలేదు.

3. జెస్సోర్: మూడుసార్లు పరీక్ష తప్పిన మనిషి

నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఈయన. రాధాగోవింద చంద్ర 1878లో జెస్సోర్ దగ్గర పుట్టారు. ఎంట్రన్స్ పరీక్ష మూడుసార్లు తప్పారు. తర్వాత జెస్సోర్ ట్రెజరీలో నాణేలు పరీక్షించే చిన్న ఉద్యోగంలో చేరారు. పగలు నాణేలు, రాత్రి నక్షత్రాలు. 1910లో హేలీ తోకచుక్క చూశాక ఆసక్తి ముదిరి, 1912లో మూడు అంగుళాల టెలిస్కోపు తెప్పించుకున్నారు. 1918 జూన్‌లో అక్విలా మండలంలో హఠాత్తుగా వెలిగిన నోవాను ఎవరూ చెప్పకుండానే గుర్తించి హార్వర్డ్‌కు రాశారు. అలా అమెరికాలోని చరకాంతి నక్షత్రాల పరిశీలకుల సంఘంలో చేరారు. 1926లో ఆ సంఘం ఆరు అంగుళాల టెలిస్కోపును ఆయనకు పంపింది. 1928లో ఫ్రాన్స్ ప్రభుత్వం గౌరవించింది.

ఆయన చేసిన పని చూడటానికి చాలా మామూలుది. మారే తార పక్కన ప్రకాశం తెలిసిన రెండు తారలు ఎంచుకోవాలి. ఒకటి 6.2, ఒకటి 6.8 అనుకోండి. మనది ఈ రెంటి మధ్య ఎక్కడుందో అంచనా వేసి, తేదీ, సమయం, అంకె రాసుకోవాలి. అంతే. మళ్లీ రేపు. మీరా లాంటి తారకు ఒక చక్రం పూర్తవ్వాలంటే దాదాపు ఏడాది. పైగా ఏ రెండు చక్రాలూ ఒకేలా ఉండవు. కాబట్టి వంద అంకెలతో ఏమీ తేలదు. దశాబ్దాల తరబడి చాలామంది రాసిన లక్షల అంకెలు కలిపితేనే ఒక గీత వస్తుంది. చంద్ర ఒక్కరే 1954 వరకు 37,000కు పైగా అంకెలు చేర్చారు.

దేశ విభజనలో జెస్సోర్ తూర్పు పాకిస్తాన్‌కు వెళ్లింది. చంద్ర పశ్చిమ బెంగాల్‌లోని బారాసాత్ చేరారు. 1975లో కన్నుమూశారు. ఆయన వాడిన టెలిస్కోపు తర్వాత వేణు బప్పుకు, ఆయన నెలకొల్పిన కావలూరు అబ్జర్వేటరీకి చేరింది. వేణు బప్పు తండ్రి పనిచేసింది హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలోనే.

4. లాహోర్‌లో పుట్టిన పేరు

మీరా తోడు శ్వేత కుబ్జం, అంటే వైట్ డ్వార్ఫ్ అని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. శ్వేత కుబ్జం బరువు సూర్యుడికి సుమారు 1.4 రెట్లు దాటి ఉండలేదని తేల్చినవారు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. 1910లో లాహోర్‌లో పుట్టి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివారు. ఆయన పేరు పెట్టిన చంద్ర ఎక్స్‌రే అబ్జర్వేటరీ 1999లో కక్ష్యలోకి వెళ్లింది. మీరా జంటను ఎక్స్‌రేలో విడివిడిగా చూపిన తొలి చిత్రం దానిదే, 2005లో విడుదలైంది. పెద్ద తార నుంచి పదార్థం చిన్నదానివైపు వెళ్తున్న జాడ అందులో కనిపించింది.

ఒక్కసారి మ్యాప్ తీసి చూడండి. లాహోర్ ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది, జెస్సోర్ బంగ్లాదేశ్‌లో, మద్రాసు, వనపర్తి, హైదరాబాద్ మన దగ్గర. "భారతీయుల విజయాలు" అని సిలబస్‌లో ఒక్క ముక్కలో ఉన్న మాట నిజానికి ఉపఖండం మొత్తానిది.

5. జవాబులో ఎలా వాడాలి

వలస పాలన, విజ్ఞాన శాస్త్రం గురించి ప్రశ్న వస్తే మూడు పాయింట్లు రాయవచ్చు. ఒకటి, సంస్థలు పాలకుల అవసరాల కోసం పుట్టాయి. రెండు, వాటిలో మనవాళ్లు కేవలం పనివాళ్లుగా మిగిలిపోలేదు, సొంతంగా కనిపెట్టారు, జనం భాషలో చెప్పారు. మూడు, సంస్థల బయట కూడా సామాన్యులు ప్రపంచ శాస్త్రంలో భాగమయ్యారు. ఒక్కో పాయింట్‌కు ఒక్కో పేరు ఇప్పుడు మీ దగ్గర ఉంది.

ఇక నా మాట. ప్రిలిమ్స్ రెండుసార్లు పోయింది. మూడోసారికి చదువుతున్నాను. చంద్ర కథ చదివి "ఓడిపోయినా గెలవచ్చు" అని స్టేటస్ పెట్టుకోవాలనిపించలేదు. ఆయన మళ్లీ ఆ పరీక్ష నెగ్గలేదు కూడా. నాకు పట్టుకున్నది ఆ లాగ్‌బుక్: తేదీ, సమయం, అంకె. ఈ నెల నుంచి నా నోట్స్ అలాగే రాసుకుంటున్నాను, ఏ రోజు ఏం చదివాను, ఎన్ని ప్రశ్నలు తప్పాను అని. గీత ఎటు పోతుందో ఇంకా తెలియదు.

నవంబర్, డిసెంబర్ రాత్రుల్లో సీటస్ దక్షిణ ఆకాశంలో బాగా కనిపిస్తుంది. మీ హాస్టల్ మేడ మీది నుంచి వెతకండి. మీరా కనిపించకపోతే మసకబారిన రోజులన్నమాట. కొన్ని నెలలాగి మళ్లీ చూడండి.

సాధన ప్రశ్న: "వలస పాలనలో భారతీయ శాస్త్రవేత్తల కృషిని తొలి ఆవిష్కరణల జాబితాగా మాత్రమే చూడటం సరిపోదు." ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)