ఎర్ర రక్తకణ పంజరం - మలేరియా

ఎర్ర రక్తకణ పంజరం అనగా ఆ కణపు పొరకు లోపలి వైపున వలవలె అల్లుకొని ఉండే మాంసకృత్తుల నిర్మాణం. కణానికి ఆకారాన్ని, సాగే గుణాన్ని ఇచ్చేది ఇదే. మలేరియా పరాన్నజీవులలో ఒకటైన ప్లాస్మోడియం ఫాల్సిపారం తన ఎంజైములతో ఈ పంజరాన్ని మార్చి, కణం రక్తనాళపు గోడకు అతుక్కొనేట్లు చేస్తుంది. తూర్పు కనుమలలోని అరకు, పాడేరు మన్యంలో చిరకాలంగా కనిపించే ఫాల్సిపారం మలేరియా ప్రాణాంతకం కావడానికి ఇది ఒక ముఖ్య కారణం.

నిర్మాణం

ఎర్ర రక్తకణపు వ్యాసం సుమారు 7 నుండి 8 మైక్రోమీటర్లు. అంతకంటే సన్నని కేశనాళికలలో కూడా అది వంగి దూరిపోగలదు. స్పెక్ట్రిన్ పోగులు, వాటిని కలిపే ఆక్టిన్ ముడులు, ఈ వలను పొరకు బిగించే ఆంకిరిన్ ఇందులోని ప్రధాన మాంసకృత్తులు. గట్టిపడిన కణాలను ప్లీహం వడగట్టి తొలగిస్తుంది.

ఎంజైముల పాత్ర

కైనేజ్ అనే రకపు ఎంజైములు ఏటీపీ నుండి ఫాస్ఫేటును తీసి మాంసకృత్తులకు తగిలిస్తాయి. ఫాస్ఫటేజులు దానిని తొలగిస్తాయి. ఫాస్ఫేటుకు రుణావేశం ఉండుటచే మాంసకృత్తు ఆకారమూ, పక్కవాటితో దానికి గల పట్టూ మారతాయి. కేంద్రకం లేని ఎర్ర కణం కొత్త మాంసకృత్తులను తయారుచేసుకోలేదు. కనుక ఉన్నవాటిని ఇలా సవరించే సంకేతాలకు ఇక్కడ ప్రాధాన్యం ఎక్కువ.

పరాన్నజీవి చేసే మార్పులు

ఫాల్సిపారం ఎర్ర కణంలో సుమారు 48 గంటలు పెరుగుతుంది. దీనికి ఫిక్ అనే కుటుంబపు కైనేజులు సుమారు 20 ఉన్నాయి. వైవాక్స్ పరాన్నజీవికి ఒకటే ఉంది. ఫాల్సిపారం వీటిలో అనేకాన్ని ఎర్ర కణం లోనికి పంపుతుంది. కణపు పైభాగాన చిన్న బుడిపెలు ఏర్పడి, వాటిపై పీఎఫ్ఈఎంపీ-1 అనే అతుక్కొనే మాంసకృత్తు నిలుస్తుంది. కణం గట్టిపడటానికీ, ఈ మాంసకృత్తు పైకి చేరడానికీ ఫిక్ 4.1 అనే కైనేజ్ ముఖ్యమని 2020లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది.

గోడకు అతుక్కున్న కణం ప్లీహానికి చిక్కదు. ఇటువంటి కణాలు మెదడులోని కేశనాళికలను మూసివేసినపుడు రోగి స్పృహ కోల్పోవచ్చు. ముదిరిన పరాన్నజీవులున్న కణాలు ఇలా లోపలే నిలిచిపోవుటచే, వేలి నుండి తీసిన రక్తపు చుక్కలో సాధారణంగా లేతవి మాత్రమే కనిపిస్తాయి. అందువలన లెక్కలో పరాన్నజీవులు తక్కువగా ఉన్నంతమాత్రాన వ్యాధి స్వల్పమని భావించరాదు.

కొడవలి కణ లక్షణం

మన్యంలోని కొన్ని గిరిజన తెగలలో కొడవలి కణ జన్యువు కనిపిస్తుంది. భారతదేశంలో దీనిని తొలిసారి 1952లో నీలగిరి గిరిజనులలో గుర్తించారు. తల్లిదండ్రులలో ఒకరి నుండి మాత్రమే ఈ జన్యువు పొందినవారికి తీవ్ర మలేరియా నుండి కొంత రక్షణ లభిస్తుంది. కొడవలి హీమోగ్లోబిన్ ఉన్న కణంలో పరాన్నజీవి ఆక్టిన్ పోగులను తనకు అనువుగా అమర్చుకోలేదని 2011లో వెల్లడైంది. అందుచేత కణపు అతుకు బలహీనపడుతుంది. ఇద్దరి నుండీ పొందినవారికి మాత్రం కొడవలి కణ రక్తహీనత కలుగుతుంది. దీని నిర్మూలనకు భారత ప్రభుత్వం 2023 జూలై 1న జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది.

చికిత్స

ఫాల్సిపారం మలేరియాకు ఆర్టెమిసినిన్ సంబంధిత మందుల మిశ్రమం వాడతారు. ఈ మందులు లేత పరాన్నజీవులను కూడా చంపుతాయి. కణం గోడకు అతుక్కొనక ముందే మందు అందితే ప్రమాదం తగ్గుతుంది. కాబట్టి మన్యంలో చలిజ్వరం వచ్చినపుడు ఆలస్యం చేయక రక్తపరీక్ష చేయించుకొనుట అవసరం.