పాటకు పట్టినంత చోటు

భైంసాలో ఇంట్లోనే రికార్డింగ్ గది పెట్టుకోవాలనుకునే కళాకారుడు కంప్యూటర్ వేగం కన్నా ముందు నిల్వ గురించి ఆలోచించాలి. ధ్వనిముద్రణ చరిత్ర నేర్పేది ఇదే. పది అంగుళాల గ్రామఫోను రికార్డు ఒక వైపు పట్టేది సుమారు 3 నిమిషాలు. రాత్రంతా సాగే ఒగ్గుకథ, దీపావళి రోజుల్లో ఊరూరా తిరిగే గోండుల దండారి పాటలు అందులో ఎలా ఇముడుతాయి? పాటను కత్తిరించింది కళాకారుడు కాదు, నిల్వ. 1963లో ఫిలిప్స్ తెచ్చిన క్యాసెట్‌తో వ్యవధి ఒక వైపు 30, 45 నిమిషాలకు పెరిగింది. కానీ కాపీ మీద కాపీ తీసేకొద్దీ శబ్దం మసకబారేది. హార్డ్‌డిస్క్ ఈ రెండు ఇబ్బందులనూ తీర్చింది. సెకనుకు 48 వేల నమూనాలు, 24 బిట్ల లెక్కన 8 మైకులతో గంటసేపు రికార్డు చేస్తే 4 గిగాబైట్లకు కాస్త పైన అవుతుంది. 1 టెరాబైట్ డిస్కులో అలాంటివి దాదాపు 240 గంటలు పడతాయి.

వేగం లేకుండా పని సాగదు కదా అంటారు. మిక్సింగ్‌లో ఎఫెక్టులు పెరిగితే ప్రాసెసర్ మీద భారం పడే మాట నిజమే. 16 గిగాబైట్ల ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే మేలు. అయితే ఆ 8 మైకుల ధ్వని సెకనుకు 1.2 మెగాబైట్లు కూడా దాటదు, దాన్ని పాత హార్డ్‌డిస్కూ తేలిగ్గా రాసుకుంటుంది. కంప్యూటర్ నెమ్మదిస్తే పని ఆలస్యమవుతుంది, అంతే. ఒకే ఒక్క డిస్కు చెడితే మాత్రం ఆ గొంతు మళ్లీ దొరకదు. కాబట్టి డబ్బు తక్కువైతే ప్రాసెసర్‌లో ఒక మెట్టు తగ్గండి. మిగిలినదానితో రెండు డిస్కులు కొని, ఒకటి వేరే ఇంట్లో ఉంచండి.