ప్రచారం మీద విసుగు సరే, ఓటు మీద ఎందుకు?

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

మొన్న రాత్రి మెస్‌లో తింటుంటే ఒక ఫ్రెండ్ అన్నాడు, "వచ్చే ఎలక్షన్‌కి నేను ఊరెళ్లను రా, బస్సు ఛార్జీ దండగ" అని. ఎవరూ కాదనలేదు. నేనూ అనలేదు. ఊహ తెలిసిన దగ్గర్నుంచి చూస్తున్నాను, ప్రతి ఎన్నికకీ జీపులు మా కొండ కింద ఆగుతాయి. నాయకులు నడిచి పైకొచ్చి, చెమట తుడుచుకుని "ఈసారి రోడ్డు ఖాయం" అంటారు. పోయిన వానాకాలం మా పిన్నిని పురుడుకి డోలీలోనే మోసుకెళ్లాం.

తర్వాత ఒక డౌటు వచ్చింది. అసలు మనకి ఓటు ఎప్పుడొచ్చింది?

బ్రిటిష్ వాళ్ల కాలంలో మన కొండల్ని ఏజెన్సీ అని విడగొట్టారు. పైన ఏజెంటు, కింద ముఠాదారు. 1935 చట్టంలో విశాఖ, తూర్పు గోదావరి ఏజెన్సీలని పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు అన్నారు. మద్రాసులో చేసిన చట్టం గవర్నరు సరేనంటేనే ఇక్కడికి వచ్చేది. ఓటేమో ఆస్తి, పన్ను, చదువు లాంటివి ఉన్నవాళ్లకే. మన తాతల్లో ఎంతమందికి అవి ఉన్నాయి?

1946లో రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి, ప్రజాస్వామ్యం ఆదివాసులకి ఎవరూ నేర్పక్కర్లేదు, వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి అన్న అర్థంలో మాట్లాడారు. 1951-52 మొదటి సాధారణ ఎన్నికల్లో 17 కోట్లకి పైగా ఓటర్లు. చాలామందికి చదువు రాదు కాబట్టి ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. సంతకం రాని మన ముసలమ్మకీ, పట్నంలో ప్లీడరుకీ ఒక్కటే ఓటు.

మరి ఆ ఓటుతో ఏమొచ్చింది అంటారా? నిజం చెప్పాలంటే ప్రచారంలో ఇచ్చిన మాటల వల్ల పెద్దగా ఏమీ రాలేదు. మన భూమిని కాపాడే 1/70 చట్టం 1970లో వచ్చింది, శ్రీకాకుళం గిరిజన పోరాటం నడుస్తున్న రోజుల్లో. 1997లో సమత తీర్పు అనంతగిరి వైపు గనుల గొడవ మీద కోర్టుకెళ్తే వచ్చింది. 2013లో ఒడిశా నియమగిరిలో మన కొందు బంధువులు, డోంగ్రియా వాళ్లు, 12 గ్రామసభల్లో బాక్సైట్ గని వద్దన్నారు. 12కి 12.

అందుకే విసుగు నాకు అర్థమవుతుంది. అరకు ఎంపీ సీటులో నోటాకి 2019లో దాదాపు 48 వేలు, 2024లో 50 వేలకి పైగా పడ్డాయి. కొందరు తెలియక నొక్కి ఉండొచ్చు. అందరూ కాదు కదా.

కానీ ఒక సంగతి మనలో చాలామందికి తెలియదు. అయిదో షెడ్యూల్ ప్రకారం మన ప్రాంతానికి గవర్నరు కొత్త రెగ్యులేషన్ చేయాలంటే ముందు గిరిజన సలహా మండలిని సంప్రదించాలి. అందులో దాదాపు మూడొంతుల మంది ఎస్టీ ఎమ్మెల్యేలే ఉండాలి. ఆంధ్రాలో మన సీట్లు 7. అంటే రేపు 1/70 మారుద్దామని ఎవరైనా అంటే, ఆ గదిలో అవునో కాదో చెప్పేది మనం ఓటేసినవాళ్లు. మనం ఊరెళ్లకపోతే ఆ సీటు ఖాళీగా ఉండదు. ఎవరో ఒకరు కూర్చుంటారు.

మైకు వినిపించినా మా అమ్మ పొలంలో తలెత్తదు. పోలింగ్ రోజు మాత్రం కొండ దిగి వెళ్తుంది. ఎందుకమ్మా అని ఫోన్‌లో అడిగాను. "వాళ్ల మాట వేరు, నా ఓటు వేరు. చీటీ నా పేరు మీద వచ్చింది కదా" అంది.

2024కి నాకు పద్దెనిమిది నిండలేదు, నాలుగు నెలలు తక్కువ. ఈసారి నాది మొదటి ఓటు, వెళ్తాను. జీపులు రాకముందే రోడ్డు గురించి గ్రామసభలో తీర్మానం రాయించి, పైకొచ్చిన ప్రతి పార్టీ వాళ్లకీ కాపీ ఇచ్చి సంతకం పెట్టమందాం అని మా ఊరి కుర్రాళ్లతో మాట్లాడుతున్నాను. మీ ఊళ్లో ఎవరైనా ఇలా చేసి ఉంటే ఏం జరిగిందో చెప్పండి. మొదటి ఎన్నికల్లో పెట్టెలు చూసిన పెద్దవాళ్లు ఇంకా ఉంటే అడిగి రాయండి. వాళ్లు పోతే ఆ చరిత్ర మనకి ఎక్కడా దొరకదు.

జై ఆదివాసీ.