భయమే ఆయుధంగా: 1953 నాటి ఇరాన్ కుట్ర

పూర్వకాలంలో పరదేశాన్ని లొంగదీయదలచినవారు సేనలతో సరిహద్దు దాటేవారు. ఇరవయ్యో శతాబ్దంలో అంతకన్న చవకైన మార్గం దొరికింది. ఆ దేశ ప్రజల మనసుల్లో ముందుగా భయాన్ని నాటాలి. పత్రికల ద్వారా, పుకార్ల ద్వారా దాన్ని పెంచాలి. ప్రజలు తమలో తాము కలహించుకునే వేళకు ఫలాన్ని కోసుకోవాలి. 1953 ఆగస్టులో ఇరాన్‌లో జరిగింది ఇదే. ఆ కుట్రకు సంబంధించిన రహస్య పత్రాలు అనంతర కాలంలో బయటపడ్డాయి. ముస్లిం పాఠకుణ్ణి ప్రత్యేకంగా ఆలోచింపజేసే విషయం వాటిలో ఒకటుంది. కుట్రదారులు వాడుకున్న భయాలలో ధర్మరక్షణ గురించి విశ్వాసులకుండే ఆందోళన కూడా ఒకటి.

వివాదానికి మూలం

1901లో ఇరాన్ పాలకుడైన ఖాజార్ షా దేశంలోని అధిక భాగంలో చమురు తవ్వుకునే హక్కును విలియం నాక్స్ డార్సీ అనే ఆంగ్ల ధనికుడికి 60 ఏళ్లకు రాసిచ్చాడు. 1908లో చమురు పడింది. 1914లో ఆ కంపెనీలో అధిక వాటాను బ్రిటిష్ ప్రభుత్వమే కొన్నది. ఆబాదాన్‌లో నిర్మించిన శుద్ధి కర్మాగారం ప్రపంచంలోకెల్లా పెద్దదిగా పేరుపొందింది. దాని చుట్టూ ఇరానీ కార్మికులు మురికివాడల్లో బతికారు. 1950 నాటికి పరిస్థితి ఎలా పరిణమించిందంటే, ఆ కంపెనీ నుండి ఇరాన్‌కు ముట్టే రాయల్టీ కన్న బ్రిటిష్ ఖజానాకు పన్ను రూపంలో చేరే సొమ్మే అధికం.

1951 మార్చిలో ఇరాన్ పార్లమెంటు మజ్లిస్ చమురును జాతీయం చేస్తూ తీర్మానించింది. ఏప్రిల్ 28న డాక్టర్ ముహమ్మద్ ముసద్దిఖ్ ప్రధానమంత్రి అయ్యారు. బ్రిటన్ ఇరాన్ చమురు ఎక్కడా అమ్ముడుపోకుండా అడ్డుకున్నది. భద్రతా సమితికి ఫిర్యాదు చేసింది. అంతర్జాతీయ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. ఈ వివాదంపై తీర్పు చెప్పే అధికారం తమకు లేదని 1952 జూలై 22న ఆ న్యాయస్థానం ప్రకటించింది. న్యాయమార్గం మూసుకుపోయిన తరువాత మిగిలింది కుట్ర మార్గమే.

ఒకే వ్యవహారం, మూడు వేషాలు

ఈ వ్యవహారాన్ని మూడు చోట్ల మూడు విధాలుగా చెప్పడం గమనించదగినది.

లండన్ పత్రికలు ముసద్దిఖ్‌ను పడక దిగని పిచ్చి ముసలివాడిగా, పైజామా తొడుక్కుని సభల్లో కన్నీరు కార్చే నటుడిగా చిత్రించాయి. మనిషి నవ్వులపాలైతే అతడు అడుగుతున్న లెక్క ఎవరికీ గుర్తుండదు. ఇరాన్‌కు రావలసింది ఎంత, ఇచ్చింది ఎంత అన్న ప్రశ్న ఆ నవ్వుల్లో కలిసిపోయింది.

వాషింగ్టన్‌లో ఈ పరిహాసం చెల్లదు. ఒక బ్రిటిష్ కంపెనీ నష్టం కోసం అమెరికా కదలదు. బ్రిటిష్ గూఢచారి శాఖకు చెందిన క్రిస్టఫర్ వుడ్‌హౌస్ 1952 చివర అమెరికా వెళ్లి చమురు ప్రస్తావనను వెనక్కి నెట్టి, ఇరాన్ కమ్యూనిస్టుల పాలవుతుందన్న ప్రమాదాన్ని ముందుకు తెచ్చారు. తాము కావాలనే అలా చేసినట్లు తరువాత తన జ్ఞాపకాల్లో ఆయనే రాశారు. 1953 జనవరిలో ఐసెన్‌హోవర్ అధ్యక్షుడయ్యాక ఆ మాట చెవికెక్కింది.

ఈ భయం పూర్తిగా కల్పితమని చెప్పడం న్యాయం కాదు. సోవియట్ సేనలు 1946 వరకు ఇరాన్ ఉత్తర ప్రాంతంలో తిష్ఠవేసిన మాట నిజం. కమ్యూనిస్టు తూదె పార్టీకి బలమైన నిర్మాణముండేది. సైన్యంలో దాని రహస్య శాఖ ఉన్నట్లు 1954లో బయటపడింది కూడా. అయితే ముసద్దిఖ్ కమ్యూనిస్టు కాదు. నేర్పుగల ప్రచారం గింజంత నిజాన్ని తీసుకుని దానిపై కొండంత అబద్ధాన్ని నిలబెడుతుంది. వినేవాడు గింజను చూసి కొండను నమ్ముతాడు.

ధర్మం పేరిట బెదిరింపులు

మూడో వేషం తెహ్రాన్‌లోనిది. అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ. 1953 ఏప్రిల్‌లో తన తెహ్రాన్ శాఖకు ముసద్దిఖ్‌ను దించడానికి పది లక్షల డాలర్లు వాడుకునే అనుమతి ఇచ్చింది. సంస్థ చిత్రకారులు ముసద్దిఖ్‌పై వ్యంగ్య చిత్రాలు గీశారు. అమెరికాలో తయారైన వ్యాసాలు తెహ్రాన్ పత్రికల్లో స్వదేశీ రచనలుగా వెలువడ్డాయి. ఒక పత్రికాధిపతికి 45,000 డాలర్లు అప్పు పేరుతో అందాయి. ఉదయం పత్రిక విప్పిన తెహ్రాన్ పాఠకుడికి తాను చదువుతున్నది ఎవరి కలమో తెలిసే అవకాశమే లేదు.

అంతకన్న హీనమైన పని మరొకటి జరిగింది. సి.ఐ.ఎ. ఏజెంట్లు కమ్యూనిస్టుల వేషంలో ఉలమాను బెదిరించారు. ముసద్దిఖ్‌ను ఎదిరిస్తే తీవ్రమైన శిక్ష తప్పదని హెచ్చరించారు. ఒక ధర్మపండితుని ఇంటిపై బూటకపు బాంబు దాడి కూడా జరిపించారు. ధర్మానికి ముప్పు వచ్చిపడిందని, ఆ ముప్పుకు ప్రధానమంత్రి కొమ్ము కాస్తున్నాడని విశ్వాసులు నమ్మాలన్నదే వీటన్నిటి ఉద్దేశం. ఇస్లాంకు ముప్పుగా చూపబడిన ఆ ముసద్దిఖ్ స్విట్జర్లాండ్‌లో డాక్టరేట్ పొందిన సిద్ధాంత గ్రంథం ఇస్లామీయ ధర్మశాస్త్రంలోని వీలునామా నియమాల గురించినది!

అయితే పగుళ్లన్నీ పరాయివారు సృష్టించినవి కావు. 1952 జూలైలో ముసద్దిఖ్ పక్షాన ప్రజలను కదిలించిన ఆయతుల్లాహ్ కాషానీ, ఆయన అసాధారణ అధికారాల పొడిగింపును వ్యతిరేకించి 1953 జనవరి నాటికి దూరమయ్యారు. మజ్లిస్ రద్దు కోసం ముసద్దిఖ్ ఆగస్టులో జరిపిన జనాభిప్రాయ సేకరణలో అవునన్నవారికి, కాదన్నవారికి వేర్వేరు చోట్ల ఓటు పెట్టెలు ఉంచారు. అలాంటి చోట రహస్య ఓటుకు అర్థం లేదు. ఇంటిలో ఉన్న పగులులోనే పరాయివాడు మేకు దిగగొడతాడు.

నాలుగు రోజులు

ఆగస్టు 15 రాత్రి, ముసద్దిఖ్‌ను తొలగిస్తూ షా సంతకం చేసిన ఫర్మాన్‌ను తీసుకుని కర్నల్ నసీరీ ప్రధాని ఇంటికి వెళ్లాడు. విషయం ముందే పొక్కడంతో అతణ్ణి అక్కడే నిర్బంధించారు. మరునాడు షా బాగ్దాదుకు, అటుపిమ్మట రోముకు పారిపోయాడు. పథకం విఫలమైనట్లే కనిపించింది.

అప్పుడు ప్రచారమే దాన్ని బతికించింది. తెహ్రాన్‌లో ఈ పథకాన్ని నడుపుతున్న కర్మిట్ రూజ్‌వెల్ట్, ఆయన సహాయకులు ఫర్మాన్ నకళ్లు తీయించి పంచారు. విదేశీ విలేఖరులకు అందేలా చూశారు. ప్రధానిగా నియమితుడైన జనరల్ జాహెదీయే చట్టబద్ధుడని, షాను తరిమివేయడానికి ముసద్దిఖే ఈ కుట్ర నాటకం ఆడాడని పత్రికల్లో రాయించారు. కుట్రకు గురైనవాడే కుట్రదారుడయ్యాడు.

తరువాత కిరాయి మూకలు తూదె కార్యకర్తల వేషంలో వీధుల్లో పడ్డాయి. షా విగ్రహాలను కూల్చాయి, దుకాణాలను దోచాయి. అది నిజమైన ఉద్యమమనుకుని అసలు తూదెవాళ్లు కూడా అందులో కలిశారు. అరాచకం చూసి సామాన్యుడు బెదిరిపోయాడు. ముసద్దిఖ్ ప్రదర్శనలను నిషేధించారు. ఆ ఆజ్ఞను పాటించి ఆయన అభిమానులు ఇళ్లలోనే ఉండిపోయారు. మరునాడు ఆగస్టు 19న షా అనుకూల మూకలు, వాటి వెంట టాంకులు వచ్చినప్పుడు వీధిలో ఆయన తరఫువారు లేరు. మధ్యాహ్నానికి రేడియో కేంద్రం పట్టుబడింది. సాయంత్రానికి ప్రధాని నివాసం ధ్వంసమైంది.

ఎవరికి ఏమి దక్కింది?

ముసద్దిఖ్‌కు మూడేళ్ల జైలు పడింది. అనంతరం అహ్మదాబాద్ గ్రామంలో నిర్బంధంలోనే గడిపి 1967లో మరణించారు. ఆయన విదేశాంగ మంత్రి హుసేన్ ఫాతెమీని 1954లో కాల్చి చంపారు. అదే ఏడాది కుదిరిన చమురు ఒప్పందంలో పూర్వపు బ్రిటిష్ కంపెనీకి 40 శాతం, అమెరికన్ కంపెనీలకు 40 శాతం వాటాలు దక్కాయి. తక్కినవి డచ్, ఫ్రెంచి కంపెనీలకు పోయాయి. 1957లో సావాక్ అనే గూఢచారి పోలీసు వ్యవస్థ ఏర్పడింది. ధర్మరక్షణ జరిగిందనుకున్నవారి బిడ్డలు కూడా తరువాత దాని చెరసాలల్లో మగ్గారు.

షా ప్రభుత్వం ఆ రోజుకు ఖియామె మిల్లీ, అంటే జాతీయ తిరుగుబాటు అని పేరు పెట్టింది. పేరు మార్చడం ప్రచారంలో చివరి అంకం. 1954లో ఈ పథకం చరిత్రను సంస్థ కోసం రాసినవాడు దాని రూపకర్తలలో ఒకడైన డొనాల్డ్ విల్బర్. ఆ పత్రాన్ని న్యూయార్క్ టైమ్స్ 2000 సంవత్సరంలో ప్రచురించింది. పై వివరాలలో పెక్కు అందులోనివే. 2013లో వెల్లడైన పత్రాలలో సి.ఐ.ఎ. తన పాత్రను ఒప్పుకున్నది. నిజం వచ్చింది, కాని అరవై ఏళ్లు ఆలస్యంగా వచ్చింది. ఈలోగా 1979లో విప్లవం వచ్చింది. 1953 పునరావృతమవుతుందన్న భయంతోనే విద్యార్థులు అమెరికా రాయబార కార్యాలయాన్ని ఆక్రమించి, 52 మందిని 444 రోజులు బందీలుగా ఉంచారు. భయాన్ని విత్తినవాడి ఇంటికి కూడా భయమే పంటగా చేరింది.

విశ్వాసి బాధ్యత

దుర్మార్గుడు తెచ్చిన వార్తను విచారించి తెలుసుకొమ్మని దివ్య ఖుర్‌ఆన్ అల్ హుజురాత్ సూరాలో ఆదేశిస్తున్నది. తెలియక ఒక వర్గానికి హాని చేసి పిదప పశ్చాత్తాపపడే గతిని గురించి హెచ్చరిస్తున్నది. శాంతికో భయానికో సంబంధించిన కబురు చెవిన పడగానే చాటే వారిని అన్నిసా సూరా మందలిస్తున్నది. దాన్ని దైవప్రవక్తకు, బాధ్యులకు నివేదించవలసిందని బోధిస్తున్నది. మన ముహద్దిసులు ఒక్క హదీసును స్వీకరించడానికి దాన్ని చెప్పినవారెవరు, వారు ఎవరి నోట విన్నారు, వారి నడవడి ఎట్టిది అని గొలుసు చివరి వరకు విచారించారు. ఆ ఇస్నాద్ విద్యకు వారసులమని చెప్పుకునే మనం, ఉదయాన చేతికి వచ్చిన వార్తను మాత్రం ఎవరు చెప్పారని అడగకుండా సాయంత్రానికి నలుగురికి పంచుతున్నాం.

తెహ్రాన్‌లో బెదిరింపులు విన్న ఉలమా ఆందోళన బూటకం కాదు. వారికి చేరిన వార్త బూటకం. ధర్మం మీద ప్రేమ ఎంత గాఢంగా ఉంటే, ధర్మానికి ముప్పు వచ్చిందన్న కబురును అంత జాగ్రత్తగా విచారించాలి. ఏలయనగా మనల్ని కదిలించదలచినవాడు ముందుగా మన ప్రేమ ఎక్కడుందో వెదుకుతాడు.