పెద్దపులి గుర్తింపు: పాదముద్ర నుంచి చారల దాకా

నేల మీద పడిన జాడ పులిదా, రేచుకుక్కదా అని చెప్పడం అడవిలో బతికేవాళ్లకు తరతరాలుగా తెలిసిన విద్య. పిల్లి జాతి జంతువులు సాధారణంగా గోళ్లు ముడుచుకుని నడుస్తాయి కనుక వాటి అడుగులో గోటి గుర్తు పడదు. కుక్క జాతి అడుగులో పడుతుంది. కానీ ఆ పులి నిన్న వాగు దగ్గర తిరిగినదేనా, వేరొకటా? పులులను లెక్కించాలంటే ఇది తేలాలి.

ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి 1966లో దీనికొక దారి చూపారు. పాదముద్ర మీద గాజు పలక పెట్టి ఆకారం గీసుకోవడం, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీయడం, వాటిని పోల్చి ఒక్కో పులిని వేరుచేయడం ఆ పద్ధతి. వెనుక కాలి ముద్ర చదరంగా ఉంటే మగది, కోలగా ఉంటే ఆడది అనేవారు. 1972 నాటి దేశవ్యాప్త గణనలో 1,827 పులులు తేలాయి. మరుసటి ఏడాదే పులుల సంరక్షణకు ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. ఫారెస్టు గార్డులను అడవంతా నడిపించిన ఘనత ఈ పద్ధతిదే. అయితే ఒకే పులి అడుగు ఇసుకలో ఒకలా, బురదలో మరొకలా పడుతుంది. నడక వేగం మారినా ముద్ర మారుతుంది. ఇక పోల్చేవారి కంటిచూపే తీర్పు.

నిజానికి చెరగని గుర్తు పులి ఒంటి మీదే ఉంది. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. 1920లలోనే అటవీ అధికారి ఎఫ్. డబ్ల్యూ. ఛాంపియన్ దారికి అడ్డంగా తీగ కట్టి, అది తగలగానే ఫ్లాష్ వెలిగేలా చేసి రాత్రిపూట పులుల ఫొటోలు తీశారు. 1960లలో మధ్యప్రదేశ్‌లోని కాన్హాలో జీవశాస్త్రవేత్త జార్జ్ షాలర్ ముఖం మీది గుర్తులతో పులులను విడివిడిగా పోల్చుకున్నారు. ఇంత తెలిసినా గణన మాత్రం దశాబ్దాల పాటు పాదముద్ర మీదే నడిచింది.

1990లలో వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ కర్ణాటకలోని నాగరహొళెలో, జంతువు ఎదుటికి రాగానే తనంతట తానే ఫొటో తీసే కెమెరా ట్రాప్‌కు గణాంకశాస్త్రాన్ని జోడించారు. రెండు పక్కల చారలు వేర్వేరు కాబట్టి దారికి అటొకటి, ఇటొకటి కెమెరా కడతారు. ఫొటోకు చిక్కిన పులులు మళ్లీ ఎన్నిసార్లు చిక్కుతున్నాయో చూసి, చిక్కనివి ఎన్ని ఉండవచ్చో అంచనా కడతారు. పాదముద్ర గణనను నమ్మలేమని ఆయన విమర్శించారు. అది ఎంత నిజమో రాజస్థాన్‌లోని సరిస్కా చాటింది. లెక్కల్లో పులులున్న ఆ అడవిలో ఒక్కటీ మిగల్లేదని 2005లో తేలింది. వేటగాళ్లు తుడిచిపెట్టేదాకా కాగితం మీది అంకె ఎవరినీ హెచ్చరించలేదు. అంతకంటే విషాదం ఏముంటుంది?

2006లో కొత్త పద్ధతి దేశమంతటా వచ్చింది. 2008లో వెలువడిన దాని అంచనా 1,411. 2018 గణనలో 26,838 చోట్ల కెమెరాలు కట్టగా 2,461 పులులు చారలతో సహా నమోదయ్యాయి. మొత్తం అంచనా 2,967. మలంలోని డీఎన్ఏతోనూ గుర్తింపు సాధ్యమైంది. నమూనాలోని డీఎన్ఏను బట్టి అది ఏ జాతి జంతువుదో తేల్చే విధానాన్ని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2003లో ప్రకటించారు.

పాదముద్ర పని మాత్రం తీరిపోలేదు. కెమెరా ఎక్కడ కట్టాలో ముందు చెప్పేది అదే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో విస్తరించిన నల్లమలలో జాడ చదవగల చెంచులు అటవీశాఖకు కాపలాదారులుగా పనిచేస్తున్నారు. మచ్చలను బట్టి చిరుతలనూ ఇలాగే పోల్చవచ్చు. ఒంటి మీద ప్రత్యేక గుర్తులేని కణుజు, అడవిపంది వంటివాటికి ఈ ఉపాయం పనిచేయదు. నిర్ణీత గీతల వెంట నడుస్తూ, కనిపించినవాటిని, అవి ఎంత దూరంలో ఉన్నాయో రాసుకుని వాటి సంఖ్యను అంచనా వేస్తారు.