బొమ్మరైలుకు బుద్ధి నేర్పిన వందేళ్లు

ఒకే పట్టా మీద రెండు రైళ్లు గుద్దుకోకుండా నడవాలి. ఇంట్లో బల్ల మీద పరిచిన బొమ్మరైలుకైనా చిక్కు ఇదే. కీ ఇచ్చి వదిలే రోజుల్లో ఈ బాధ లేదు; స్ప్రింగు విప్పుకున్నంతసేపు తిరిగి ఇంజన్ ఆగిపోయేది. కరెంటు వచ్చాక ఓల్టేజీ పెంచితే వేగం పెరిగింది, ప్లస్ మైనస్ తారుమారు చేస్తే రైలు వెనక్కి నడిచింది. అయితే పట్టా మీదున్న ఇంజన్లన్నీ ఒకే మాట వినేవి. అందుకని పట్టాలను బ్లాకులుగా విడగొట్టి, ఒక్కో బ్లాకుకు ఒక్కో స్విచ్చి పెట్టారు. రైళ్లు పెరిగేకొద్దీ స్విచ్చుల దగ్గర మనిషికి చేతులు చాలలేదు.

ఆ పనిని యంత్రానికి అప్పగించిన వాళ్లలో అమెరికాలోని ఎంఐటీ విద్యార్థులు ముందున్నారు. 1946లో మొదలైన వాళ్ల టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్‌లో టెలిఫోన్ రిలేలతో అల్లిన వైరింగు బల్ల కింద పనిచేసేది. ఆ తర్కం ఒంటబట్టిన కుర్రాళ్లే క్యాంపస్‌లోని తొలి కంప్యూటర్ల ముందు రాత్రులు గడిపారు. 1962 నాటి ‘స్పేస్‌వార్’ ఆట రాసిన స్టీవ్ రసెల్ ఈ క్లబ్బు వాడే. కంప్యూటర్ బొమ్మరైలు దగ్గరకు రాకముందే బొమ్మరైలు వాళ్లు కంప్యూటర్ దగ్గరకు వెళ్లారన్నమాట.

మైక్రోప్రాసెసర్ చవకయ్యాక ఆజ్ఞ దారి మార్చింది. 1979లో బ్రిటన్ కంపెనీ హార్న్‌బీ తెచ్చిన జీరో–1 ఒకే పట్టా మీద 16 ఇంజన్లను విడివిడిగా నడిపింది. 1985లో బ్రూస్ చబ్ ‘మోడల్ రైల్‌రోడర్’ పత్రికలో ఇంటి కంప్యూటర్‌ను పట్టాలకు కలిపే సర్క్యూట్లను వరుసగా వివరించాడు. జర్మనీలోని లెంజ్ సంస్థ పద్ధతి ఆధారంగా 1990ల్లో డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) ప్రమాణం ఖాయమైంది. ఇందులో పట్టాల్లో కరెంటు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. అది దిశ మార్చుకునే తీరులోనే సందేశం దాగుంటుంది. అరపల్స్ 58 మైక్రోసెకన్లుంటే ఒకటి, 100 గానీ అంతకు మించిగానీ ఉంటే సున్నా. తన నంబరు వినిపిస్తేనే ఇంజన్‌లోని డీకోడర్ స్పందిస్తుంది.

ఆపైన ఖర్చు దిగింది. భౌతిక శాస్త్రవేత్త బాబ్ జేకబ్సన్ మొదలుపెట్టిన, బొమ్మరైళ్లను కంప్యూటర్‌తో నడిపే జేఎంఆర్‌ఐ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఇటలీలో 2005లో పుట్టిన ఆర్డ్యూనో బోర్డుతో గ్రెగ్ బెర్మన్ 2015లో డీసీసీ++ చేసి చూపాడు. దాంతో ఇంజన్లకు ఆజ్ఞలు పంపే కమాండ్ స్టేషన్‌ను ఇంట్లోనే కూర్చుకునే వీలు కలిగింది.

ఇంత చేసినా చిక్కు సగమే తీరింది. కంప్యూటర్ ‘ఆగు’ అనాలంటే ముందు రైలు ఎక్కడుందో దానికి తెలియాలి. చక్రాలకు మురికి పట్టినా, జారినా వేగాన్ని బట్టి కట్టిన లెక్క తప్పుతుంది. అందుకే బ్లాకులో కరెంటు వాడకాన్ని పసిగట్టే డిటెక్టర్లు, ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు, ఇంజన్ అడుగున అయస్కాంతంతో పనిచేసే రీడ్ స్విచ్చులు వచ్చాయి. అసలు రైల్వేకూ ఇదే అవసరం. దక్షిణ మధ్య రైల్వే లింగంపల్లి–వికారాబాద్–వాడి మార్గంలో పరీక్షించిన ‘కవచ్’ రైలు భద్రతా వ్యవస్థలో, పట్టాల మధ్య బిగించిన ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులను చదువుతూ ఇంజన్ తన చోటు తెలుసుకుంటుంది.

బొమ్మరైలును కంప్యూటర్‌తో నడిపి చూడాలనుకునే హోసూరు, కృష్ణగిరి తెలుగువాళ్లకు ఆ ప్రయోగానికి కావలసిన నమూనా సొంత చరిత్రలోనే ఉంది. 1905లో తిరుపత్తూరు నుంచి కృష్ణగిరికి, 1906లో మొరప్పూరు నుంచి ధర్మపురికి 762 మిల్లీమీటర్ల చిన్న గేజి పట్టాలు పడ్డాయి. రెండోది 1913లో హోసూరు చేరింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి రెండూ కనుమరుగయ్యాయి. హోసూరుకు తర్వాత బెంగళూరు–సేలం లైను వచ్చింది గానీ, కృష్ణగిరి పట్టణానికి నేటికీ రైలు లేదు. 1:87 కొలతలో 762 మిల్లీమీటర్లు సుమారు 8.8 అవుతుంది, బజారులో దొరికే 9 మిల్లీమీటర్ల ఎన్‌–గేజ్ పట్టా దానికి చక్కగా సరిపోతుంది.

ఒంటి లైను, నడుమ ఒక స్టేషన్లో లూపు, ఎదురెదురుగా రెండు రైళ్లు ఉంటే మొదటి ప్రయోగానికి చాలు. పాయింట్లు తిప్పే సర్వో మోటార్లు, సిగ్నల్ దీపాలు తర్వాత పెట్టుకోవచ్చు. ఉత్సాహం కొద్దీ ముందు ఇంజన్ నడిపే ప్రోగ్రాం రాయబుద్ధవుతుంది. కానీ ఈ వందేళ్లూ చూస్తే అటునుంచి నరుక్కురావడమే మేలు: ఏ రైలు ఏ బ్లాకులో ఉందో తెర మీద తప్పులేకుండా కనిపించాకే కంట్రోలును కంప్యూటర్ చేతికివ్వాలి.