మడత చాకు ముచ్చట

ఇంకో రెండు కట్టెలు మంటల వెయ్యి బిడ్డా, చలి ఎక్కువైంది. తాత డబ్బాల ఏం దాచిపెట్టిండని మీరందరు అడుగుతనే ఉన్నరు గద. ఇగో, అన్నీ పాత మడత చాకులే. పట్టుకోండి గని అలుగు మీద వేళ్లు ఆనించద్దు. చెమటల ఉప్పుంటది, తుడవకుంట పెడితె జంగు మరకలు పడ్తయి.

మా చిన్నప్పుడు జేబుల చాకు లేకుంటె ఊర్ల పని నడవకపోయేది. వక్క చెక్కుడు, పొగాకు కోసుడు, మామిడికాయ ముక్కలు చేసుడు, గోనె సంచి మూతి విప్పుడు, ఎద్దు పగ్గం కొస సాపు చేసుడు, అన్నిటికి అదే. పెన్సిలు విరిగితె పెద్దోళ్లు జేబులకెళ్లి చాకు తీసి చెక్కి ఇచ్చేటోళ్లు. అంతకంటె ముందు, తాటాకుల మీద రాసే కాలంల, గంటము చాకు రెండూ ఒకటే పిడిలకు మడిచిపెట్టుకునే పనిముట్లు మన దక్షిణాదిల ఉండె. చాకుతోటి ఆకు అంచు కోసుడు, గంటంతోటి రాసుడు. ఇంగ్లండుల పక్షి ఈకతోటి రాసేటోళ్లు. ఈక ముక్కు మొద్దువారంగనే మల్ల చెక్కాలె. అందుకే రాసేటోని బల్ల మీద చిన్న చాకు ఉండాల్సిందే. ఉక్కు పాళీలు వచ్చి ఆ పని పోయింది గని చాకు మాత్రం జేబు విడిచిపోలేదు.

అగో, ఆ పెద్దది ఇటియ్యి. జుమేరాత్ బజార్ల పాత తాళాలు, విరిగిన గడియారాల కుప్పల నాకు దొరికింది. ఆనాడు ఎండలకు తిప్పి చూస్తె అలుగు మొదట్ల ఒక నక్షత్రం, దాని పక్కన మాల్టా శిలువ కనవడ్డయి. ఇంగ్లండుల షెఫీల్డు పట్నపు జోసెఫ్ రోడ్జర్స్ కంపెనీ గుర్తు అది. ఆ గుర్తుకు ఎంత పేరంటె, దానికి నకళ్లు కొట్టి అమ్ముకునేటోళ్లు గూడ మస్తు మంది ఉండె. ఆ కంపెనీ 1851ల లండన్ మహా ప్రదర్శన కోసం 75 అలుగుల చాకు ఒకటి చేసింది. అది ఇప్పటికీ షెఫీల్డుల ఉన్నది.

పాత చాకు చేతికి రాంగనే దాని వయసు తేల్చుడుల మంచి మజా ఉంటది. రోడ్జర్స్ చాకుల మీద కిరీటానికి అటొక్కటి ఇటొక్కటి అక్షరం ఉంటది. వి, ఆర్ అని ఉంటె విక్టోరియా రాణి కాలపుది, అంటె 1837 నుంచి 1901 దాంక. ఇ, ఆర్ అని ఉంటె ఆమె కొడుకు ఎడ్వర్డు కాలం, 1910 దాంక. జి, ఆర్ అంటె జార్జి రాజులు. వాళ్లల్ల ఏ జార్జో తేల్చాలంటె మిగతా ఆనవాళ్లు చూడాలె. ఇంకో ఉపాయం చెప్త. 1890ల అమెరికా ఒక సుంకాల చట్టం తెచ్చింది. బయటికెళ్లి వచ్చే సరుకు మీద అది ఏ దేశందో రాయాలన్నది. అందుకే అలుగు మీద ఇంగ్లండ్ అని కొట్టి ఉంటె అది ఎక్కువ మటుకు 1891 తర్వాతదే. నేను అద్దం పట్టుకొని ఒక్కొక్క అక్షరం చూసుకుంట రాత్రిళ్లు గడిపిన. ఆ సుఖం ముందల కొత్త చాకు కొన్న సుఖం ఏ మూలకూ రాదు.

షెఫీల్డు ఎట్ల పేరు సంపాదించిందంటవా? కొండలకెళ్లి దిగే వాగుల మీద చక్రాలు పెట్టి, ఆ బలంతోటి సానరాళ్లు తిప్పిండ్రు. ఒకడు అలుగును కాల్చి సాగగొడ్తడు, ఇంకొకడు సానవడ్తడు, మూడోవాడు పిడి ఎక్కిస్తడు. ఇండ్ల పక్కల చిన్న చిన్న కొట్టాలల్ల ఎవరి పని వాళ్లు చేసుకునేటోళ్లు. సానవట్టేటోళ్ల బతుకు మాత్రం మస్తు కష్టం. రాతి ధూళి ఊపిరితిత్తుల నిండి ఎందరో నడి వయసు రాకముందే పోయిండ్రు. ఈ అలుగు నున్నదనం మీద వేలు నడిపినప్పుడల్ల నాకు వాళ్లే యాదికొస్తరు.

ఈ పిడి చూడు, గరుకుగరుకుగ గీతలు గీతలున్నది. ఇది మన దేశపు కణుజు కొమ్ము. కణుజులు అడవిల కొమ్ములు రాల్చి మల్ల పెంచుకుంటయి. ఆ కొమ్ములు ఓడలెక్కి పోయి షెఫీల్డుల పిడులైనయి. తర్వాత మన సర్కారు కొమ్ముల ఎగుమతి ఆపేసింది, అది మంచి పనే. అట్ల మన అడవిలకెళ్లి పోయిన కొమ్ము చాకై మల్ల మన బజార్లకే వచ్చి నా చేతిల పడ్డది.

ఇగ ఉక్కు ముచ్చట. మన నిజామాబాదు దిక్కు కోనసముద్రం ఉన్నది గద, అక్కడ మట్టి మూసలల్ల ఇనుము కరిగించి ఉక్కు ముద్దలు చేసేటోళ్లు. వాటి కోసం ఇరాన్ వ్యాపారులు వచ్చేటోళ్లు. నీళ్ల అలల తీరు గీతలున్న కత్తులు ఇసొంటి ఉక్కుతోటే తయారైతుండె. గోల్కొండ రాజ్యపు ఉక్కు గురించి ఫ్రెంచి వ్యాపారి టావెర్నియర్ 17వ శతాబ్దంలనే రాసిండు. షెఫీల్డుల బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనాయన మూసల ఉక్కు కరిగించుడు మొదలువెట్టింది 1740లల్ల. అటెనుక బొంబాయికెళ్లి మన దేశపు ఉక్కు ముద్దలు లండన్‌కు పోయినయి. 1795ల జార్జి పియర్సన్ వాటిని పరీక్షించి రాయల్ సొసైటీకి వివరంగ రాసిచ్చిండు. ఆ ఉక్కును కాల్చి కొట్టి జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల పనాయన చేసిన వస్తువు ఏంటిదో ఎరికేనా? కలం చెక్కే చిన్న చాకు! కోటలు గెలిచే కత్తుల ఉక్కు ఎంత మంచిదో చివరికి ఒక చాకు అంచు మీద తేలింది.

ఆ ఎర్ర పిడిది స్విస్ చాకు. కార్ల్ ఎల్సెనర్ అనేటాయన 1884ల ఇబాక్ అనే ఊర్ల కొట్టం పెట్టి, 1891 నుంచి అక్కడి సైన్యానికి చాకులు ఇచ్చిండు. సిపాయి దాంతోటే తుపాకి మరలు విప్పాలె, దాంతోటే డబ్బా కోసి తినాలె. ఆ కర్ర పిడిది ఒపినెల్, ఫ్రాన్సుల సవాయ్ కొండల రైతుల చాకు, 1890ల పుట్టింది. అలుగు వేలు మీద పడకుంట ఆపే ఆ ఉంగరం 1955ల వచ్చింది. ఉంగరం లేని ఒపినెల్ కనవడితె ఇడ్వద్దు, జర ఆగి మంచిగ చూడండి.

ఇప్పుడు చెవి పెట్టి వినండి. తెరిస్తె టక్కుమన్నది గద. మూసినా అట్లనే అనాలె. ఆ చప్పుడు మెత్తగ ఉన్నదంటె స్ప్రింగు అలసిపోయిందన్నట్టు. అలుగు వెడల్పు చూడండి. పక్కదానికన్న సన్నగైతె ఏండ్ల తరబడి సానవట్టిండ్రని అర్థం. కొస విరిగితె ఎవరో దాంతోటి మర తిప్పిండ్రు. పిడి ఒక్క పక్కనే నున్నగైతె అక్కడ ఒకరి బొటనవేలు రోజూ ఆనింది. ఒక మనిషి బతుకంత చేసిన పని ఇంత చిన్న వస్తువు మీద అచ్చువడి ఉంటది. నేను ఏరుకునేది దానికోసమే.

అందుకే పాత చాకుకు గరుకు కాయితం వెట్టి రుద్దద్దు. షెఫీల్డుల హ్యారీ బ్రెయర్లీ జంగు పట్టని ఉక్కు చేసింది 1913ల. అంతకు ముందటి అలుగులు నిమ్మకాయ, మామిడికాయ తగిలితె నల్లవడ్తయి. ఆ నలుపు చెడ్డది కాదు, ఉక్కుకు కాపే. ఎర్ర జంగు ఒక్కటే మంచిది కాదు. నూనె గుడ్డతోటి మెల్లగ తుడిచి, కీలు కాడ ఒక్క చుక్క నూనె ఇడిస్తె చాలు. తోలు సంచిల ఏండ్ల తరబడి ఉంచద్దు, తోలులో ఉన్న ఆమ్లాలు లోహాన్ని తింటయి. సెల్యులాయిడ్ పిడి చాకును వేరే డబ్బాల పెట్టాలె. అది పాతవడ్డ కొద్ది ఇడిచే ఆమ్లపు ఆవిరి పక్కనున్న చాకులన్నిటికి జంగు పట్టిస్తది.

మీకు నేను చెప్పేది ఒక్కటే. ఏ ఇంట్లనైనా పాత సందుగ అడుగున తాతల చాకు ఒకటి పడి ఉంటది. పాత ఇనుప సామాన్లోనికి తూకానికి వెయ్యకండి. అది ఎవరిదో, దాంతోటి ఏం పని చేసేటోళ్లో ఇంట్ల పెద్దోళ్లు బతికున్నప్పుడే అడిగి, ఒక చీటీ మీద రాసి దాంతోనే దాచిపెట్టండి.